పాత గడప



మొన్న కర్లపాలెంలో ఒక పెంకుటిల్లు విప్పుతుంటే ఆగి చూశాను. వాసాలు ఒక పక్క, బెంగుళూరు పెంకులు ఇంకో పక్క పేర్చారు. నా చూపు మాత్రం గడప దగ్గరే ఆగిపోయింది. నడిమధ్య అరిగి గుంటపడిన టేకు చెక్క. పగుళ్లలో ఇంకా పసుపు ఉంది. పొయ్యిలోకి పోతుందేమోనని ప్రాణం ఉసూరుమంది.

నాకు చండీగఢ్ గుర్తొచ్చింది. కొత్త నగరం కోసం పడగొట్టిన పల్లెల శిథిలాలను నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు సైకిలు మీద మోసుకెళ్లాడు. 1957 నుంచి ఏళ్ల తరబడి, ఎవరికీ తెలియకుండా, పగిలిన గాజులతో, పింగాణీ పెంకులతో బొమ్మలు చేశాడు. అది సర్కారు స్థలం, కూల్చేయాలన్నారు. జనం ఆయన వైపు నిలిచారు. 1976లో అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకుంది. ఒక మనిషి ఓపిక ఎంత పని చేస్తుందో!

మన పక్కనే, తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి అబ్బాయి రవిచంద్ర పాత ఇనుముకు ప్రాణం పోస్తున్నారు. దాదాపు 75,000 నట్లతో వాళ్లు చేసిన 10 అడుగుల గాంధీజీ ధ్యానంలో కూర్చుని ఉంటారు. తుక్కు కొట్లో కిలోల లెక్కన తూగే సరుకే అది.

“ఈ గడప ఏం చేస్తారమ్మా?” అని కర్లపాలెంలో ఆ పెంకుటింటి పెద్దావిడను అడిగాను.

“మా అత్తగారు పసుపు రాసిన గడప నాయనా, ఎక్కడికి పోనిస్తాను?” అంది. కొత్తింటి వరండా గోడకు నిలువుగా బిగించమని మేస్త్రీకి చెప్పింది, అరిగిన వైపు బయటికి కనబడేలా.