వైద్యునికిని నిద్ర కావలెను

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–8



కర్మెలు పర్వతముమీద జయము పొందిన ఏలీయా, కొలది దినములకే బదరీవృక్షము క్రింద కూలబడి చావు కోరెను. దేవుడు అతనిని గద్దింపలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి అప్పమును నీళ్లును చూపగా, అతడు తిని త్రాగి మరల పండుకొనెను. రెండవమారు లేచి భుజించిన తరువాతనే హోరేబునకు 40 దినముల ప్రయాణము చేసెను. దేవుని సేవకునికే నిద్ర అవసరమైతే, రోగులను సేవించు వైద్యునికి అవసరము లేదా?

మా తప్పిదమొకటి ఒప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట, మూడు దినములుగానున్న మోకాలి నొప్పికై, రాత్రి రెండు గంటలకు ఒక డాక్టరుగారి తలుపు తట్టితిమి. ముందు రాత్రి అంతయు ఆయన ఒక కష్టమైన కాన్పు చూచియుండెను. మందుచీటీ మా చేతికిచ్చి, మరల తీసికొని చదివి, చించివేసి, “అయ్యగారూ, పొరబడితిని, క్షమించండి” అని మరియొకటి వ్రాసెను. క్షమాపణ అడుగవలసినవారము మేమే.

17 గంటలు మేల్కొనియున్నవాని నేర్పు, కొంత మద్యము పుచ్చుకొన్నవాని నేర్పువలె తగ్గిపోవునని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కనుగొనిరి. మద్యము త్రాగిన వైద్యుని చేతికి మన బిడ్డను అప్పగించుదుమా? న్యూయార్కులో 1984లో 18 ఏండ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొలది గంటలకే మరణించెను. ఆమెను చూచినవారు దీర్ఘమైన డ్యూటీలలోనున్న యువ వైద్యులు. ఆమె తండ్రి పోరాడగా, 1989లో ఆ రాష్ట్రము అట్టి వైద్యుల పని వారమునకు 80 గంటలును, వరుసగా 24 గంటలును మించరాదని కట్టడ చేసెను. మన దేశములోను 1992లో కేంద్ర ప్రభుత్వము, జూనియర్ రెసిడెంటు వైద్యులకు సాధారణముగా వారమునకు 48 గంటలు, ఒకే విడతలో 12 గంటలు మించరాదని ఆదేశించెను. అయినను చాలచోట్ల ఆ ఆదేశము కాగితముమీదనే నిలిచినది.

నిద్రలేమి రోగికే గాక వైద్యునికిని హాని. పెద్దవారికి రాత్రికి ఏడు గంటలైనను నిద్ర కావలెను. అది చాలకాలము తక్కువైతే రక్తపోటు, మధుమేహము, మనోవ్యాకులము దరిచేరును. రాత్రి డ్యూటీ ముగించి బండి నడుపుచు కునుకుటవలన ప్రాణాపాయము కలుగును.

మన ప్రభువు తుఫానులోను దోనె అమరమున తలగడమీద నిద్రించెను. అలసిన శిష్యులను ఏకాంతముగా వచ్చి కొంచెము విశ్రమించుడని పిలిచెను. కునుకనివాడును నిద్రపోనివాడును ఇశ్రాయేలును కాపాడువాడొక్కడే. వైద్యుడు నిద్రపోరాదని కోరుట, దేవునికే చెందినదానిని మనుష్యునినుండి అడుగుటయే.

కాబట్టి పాముకాటు, కాన్పు నొప్పులు, ఊపిరాడకుండుట, ఎదనొప్పి, బిడ్డకు ఫిట్సు, అధిక రక్తస్రావము అయినచో ఏ గడియనైనను సంకోచింపక పరుగెత్తుడి. తెల్లవారువరకు ఆగదగిన బాధయైతే, ఆగుడి. డాక్టరుగారు నిద్రించుచున్నారని నర్సమ్మగారు చెప్పినప్పుడు సణుగకుడి. వైద్యము చదువుచున్న బిడ్డలు సెలవులకు ఇల్లు చేరినచో, మొదట వారిని పండుకొననియ్యుడి. చుట్టపు చూపులు మరునాటికి ఉంచుడి.

వైద్యులైన సహోదరులారా, మీ నిద్ర సోమరితనము కాదు. తోటివారికి పని అప్పగించి, దీపమార్పి పండుకొనుడి. మీ రోగులను కాయువాడు మేల్కొనియే యున్నాడు.

ప్రభువు మన వైద్యులకు సుఖనిద్రను, మనకు ఓర్పును దయచేయును గాక. ఆమేన్.