నీ పడవ అడుగును చూచుకొనుము

పఠన భాగములు: హెబ్రీ 12:1-2, యెహెజ్కేలు 27:9, అపొ. కార్యములు 27వ అధ్యాయము



మన ఇబ్రాహీంపట్నము సముద్రమునకు బహు దూరము. పెద్దచెరువు నిండినప్పుడు గాలికి లేచు అలలే మనమెరిగిన అలలు. అయినను ఈ మాసము మిమ్మును సముద్రము మీదికి తీసికొనిపోవలెనని యున్నాను. తెరచాప పడవ మీద ఒంటరిగా భూగోళమును చుట్టివచ్చు పందెము ఒకటి కలదు. మన యువజనులు చేతిలోని ఫోనులో ఇట్టి సంగతులన్నియు చూచుచున్నారు. పౌలు భక్తుడు తన కాలపు పరుగుపందెములనుండి పాఠము తీసెను గనుక, మనము ఈ కాలపు పందెమునుండి పాఠము నేర్చుకొనుట తప్పుకాదు.

ఇది మనవారికి సంబంధము లేని సంగతి అనుకొనవద్దు. 2017 సెప్టెంబరు 10న భారత నౌకాదళమువారి తారిణి అను తెరచాప పడవ గోవానుండి బయలుదేరెను. దాని పొడవు 55 అడుగులు. అందులో ఆరుగురు స్త్రీలు మాత్రమే యుండిరి. వారిలో ఇద్దరు మన ప్రాంతములవారు. ఒకరు హైదరాబాదు బిడ్డ ఐశ్వర్య బొడ్డపాటి, మరియొకరు విశాఖపట్నపు పి. స్వాతి. వారు భూమిని చుట్టి 254 దినములకు, 2018 మే 21న, గోవాకు తిరిగివచ్చిరి. తిరుగు ప్రయాణములో చుక్కాని యంత్రము చెడిపోగా మారిషస్ రేవులో ఆగి బాగుచేసికొనవలసి వచ్చెను. లోకమంతయు తిరిగిన పడవయైనను మరమ్మతు లేక ముందుకు సాగలేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

ఆరుగురు కలిసి చేయు ప్రయాణమే ఇంత కష్టమైతే, ఒక్కరే చేయు ప్రయాణమును గూర్చి ఏమి చెప్పుదుము? నిద్రించువాడు అతడే, కాపలా యుండువాడును అతడే. వంటవాడు, వడ్రంగి, వైద్యుడు సమస్తము అతడే. గోల్డెన్ గ్లోబ్ అను పందెములో ఉపగ్రహముల సహాయమున దారి చూచుకొనుట కూడ నిషిద్ధము. సూర్యునిని, నక్షత్రములను కొలిచి, కాగితపు పటము మీద తానెక్కడ నున్నదియు గుర్తించుకొనవలెను. పడవలును 1988కి పూర్వపు నమూనావే కావలెను, 32 మొదలు 36 అడుగుల లోపు పొడవుండవలెను.

ఈ పందెమును శ్రద్ధగా వెంబడించువారిలో పాత పడవలు గలవారు అనేకులు దేశదేశముల రేవులలో నున్నారు. వారు పందెమునకు పోరు. పగలు తమ పడవ అడుగును గీకుదురు, పాత రంగు తీసి కొత్త రంగు వేయుదురు, త్రుప్పుపట్టిన మేకు మార్చుదురు. సాయంకాలము పందెగాండ్రు ఎంతదూరము పోయిరో చూతురు. అట్టివారిలో రెండు విధములవారుందురు. ఒకడు పందెగాండ్ర పేర్లన్నియు, వారి వేగములన్నియు చెప్పగలడు గాని, వాని పడవ ఒడ్డున చివికిపోవుచుండును. మరియొకడు, ఫలానివాని స్తంభము విరిగెనని విని వెంటనే లేచి, తన పడవ స్తంభమును కట్టిన తీగలను తడవి చూచుకొనును. వార్త ఇద్దరికిని ఒక్కటే. మేలు పొందినవాడు ఒక్కడే.

ప్రియులారా, మనమే విధమువారము? మహాసభలు జరిగినప్పుడు బండ్లు కట్టించుకొని పోవుదుము. ప్రసంగీకుల పేర్లు మనకు కంఠస్థము. ఎవరి స్వరము గంభీరము, ఎవరి పాట మధురము అని త్రోవపొడుగున చర్చింతుము. ఇంటికి వచ్చిన తరువాత కుటుంబ ప్రార్థన జరిగి ఎన్ని దినములైనదో చెప్పగలమా? పరుల పరుగు చూచుట మంచిదే. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో మనచుట్టు సాక్షి సమూహము మేఘమువలె నున్నదని చెప్పబడినది. అయితే ఆ మాట చెప్పినది మనము కూర్చుండి చూచుటకు కాదు, మన బరువు విడిచి పరుగెత్తుటకే. ఈ సంగతిని మూడు భాగములుగా ధ్యానింతము.

1. నీటి క్రిందిది చూచుకొనుము.

2018లో ఫిన్లాండు దేశస్థుడైన టాపియో లెహ్టినెన్ ఆస్టీరియా అను పడవ మీద ఈ పందెమునకు బయలుదేరెను. తెరచాపలు బాగుగానే యుండెను, గాలియు వీచుచుండెను, అయినను పడవ నడవదాయెను. కారణమేమనగా, గుల్లల వంటి సముద్రజీవులు దాని అడుగుభాగమంతయు అంటుకొని గుబురుగా పెరిగినవి. ఒక గుల్ల ఒక పడవను ఆపలేదు. వేలకొలది గుల్లలు కలిసి ఆపినవి. అతడు 322 దినములకు, ముగించినవారిలో కడపటివాడై, 2019 మే మాసమున తీరము చేరెను. పైన చూచువారికి పడవ చక్కగానే కనబడెను. రోగమంతయు నీటి క్రింద నుండెను.

సుళువుగా అంటుకొను పాపమనగా ఇదియే. మన ఊరి సంగతి చూడుడి. పట్నము మన పొలములమీదికి వచ్చుచున్నది. ఎకరము ధర పెరిగినకొలది అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గినవి. ఒకే బల్లమీద కూర్చుండి ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనువారు బయటికి వచ్చి, గట్టు తగాదా వలన ఒకరి ముఖమొకరు చూడరు. మొదట ఒక్క మాట. తరువాత ఒక పండుగకు పిలువకపోవుట. తరువాత ఒక పెండ్లికి పోకపోవుట. అట్లు ఒక్కొక్క గుల్ల అంటుకొనును. తెల్లని బట్టలు, చేతిలో బైబిలు, నోట పాట - తెరచాపలన్నియు సరిగానే యున్నవి. అయినను ఆత్మీయ జీవితము కదలదు. గాలి లేక కాదు సుమా!

అయితే నీటి క్రింద మరమ్మతు చేయవచ్చునా? చేయవచ్చును. 1968 జూన్ 14న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అను ఇంగ్లీషు నావికుడు సుహైలి అను 32 అడుగుల పడవలో బయలుదేరెను. ఆ పడవ మన బొంబాయిలో మన దేశపు టేకుకర్రతో కట్టబడినది. కొన్ని వారములకే అట్లాంటిక్ మహాసముద్రములో దాని అడుగు పలకల సందులు విచ్చి నీరు లోనికి రాసాగెను. సమీపమున రేవు లేదు, సహాయకుడు లేడు. అతడు తానే నీట మునిగి, ఊపిరి బిగబట్టి, ఆ సందులో నూలు దూర్చి, పైన కాన్వాసు గుడ్డయు రాగి రేకును వేసి మేకులు కొట్టెను. పని మధ్యలో సొరచేప వచ్చెను. తుపాకితో దానిని కాల్చి, మరల నీట దిగి పని ముగించెను. ఆ పందెమునకు బయలుదేరినవారు తొమ్మండుగురు. ముగించినవాడు అతడొక్కడే, 1969 ఏప్రిల్ 22న. కొత్త పడవ గెలువలేదు, వేగముగల పడవ గెలువలేదు. తన సందు తాను మూసికొన్న పడవ గెలిచెను. యెహెజ్కేలు ప్రవక్త తూరు పట్టణమును ఓడతో పోల్చినప్పుడు, పగుళ్లు బాగుచేయువారిని గెబలు పట్టణపు పెద్దలనియు జ్ఞానులనియు వర్ణించెను. ఆ పని కూలిపని కాదు, జ్ఞానుల పని.

2. నీవున్న చోటు నిజముగా వ్రాయుము.

అదే 1968 పందెములో డొనాల్డ్ క్రోహర్స్ట్ అను ఒకడుండెను. అతడు భార్యాబిడ్డలు గలవాడు, అప్పులలో చిక్కినవాడు. పడవ సిద్ధముకాకమునుపే, గడువు కడపటి దినమైన అక్టోబరు 31న బయలుదేరెను. పడవలో నీరు వచ్చుచుండెను. ముందుకు పోయిన మరణము, వెనుకకు వచ్చిన అవమానము, అప్పులవాండ్రు. అప్పుడతడు అట్లాంటిక్‌లోనే తిరుగుచు, తాను లోకమును చుట్టుచున్నట్లు రేడియోలో అబద్ధపు లెక్కలు పంపెను. జనులు అతని వేగమును మెచ్చుకొనిరి. ఆ మెప్పే అతనికి ఉరియాయెను. 1969 జూలై 10న అతని పడవ సముద్రముపై ఖాళీగా దొరికెను. అతడు మరల కనబడలేదు.

అతనికి తీర్పు తీర్చుటకు నేనీ సంగతి చెప్పుటలేదు. మనలో నెందరు అట్లున్నారు? "ఎట్లున్నావు తమ్ముడా?" అని అడుగగా, "దేవుని దయవలన అంతా బాగున్నదయ్యగారూ" అని చెప్పి, అప్పుల నోటీసు జేబులో పెట్టుకొని గుడికి వచ్చు రైతు సోదరుడున్నాడు. త్రాగుడును దాచు ఇల్లాలున్నది, తన త్రాగుడు కాదు, తన భర్త త్రాగుడు. నా పడవలో నీరు వచ్చుచున్నదని చెప్పుటకు వారికి సిగ్గు. ఆ సిగ్గును పుట్టించినవారము మనమే కామా? చెప్పినవాని సంగతి మరునాటికి ఊరంతయు తెలిసినయెడల, రెండవవాడు ఎట్లు నోరు విప్పును? ప్రియ సంఘమా, ఒకడు తన నిజమైన చోటు చెప్పుకొనుటకు భయపడని స్థలముగా మన గుడి ఉండవలెను. లేనియెడల గోడలకు సున్నము వేసి ప్రయోజనమేమి?

గెలిచిన నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన 5,000 పౌనుల బహుమానమును ఆ క్రోహర్స్ట్ భార్యాబిడ్డల కిచ్చివేసెను. ఓడినవాని ఇంటిని జ్ఞాపకము చేసికొనిన గెలుపు అది.

3. మునుగువానికొరకు త్రోవ మళ్లించుము.

2022లో మరల అదే పందెము. టాపియో లెహ్టినెన్ మరల వచ్చెను. ఈసారి దక్షిణాఫ్రికాకు దూరముగా అతని పడవ కొద్ది నిమిషములలో మునిగిపోయెను. అతడు చిన్న రక్షణ తెప్పమీద మిగిలెను. పందెములో ముందుకు పోవుచున్న దక్షిణాఫ్రికా స్త్రీ కిర్స్టెన్ నాయ్‌షేఫర్ ఆ వార్త వినగానే తన పడవను అతనివైపు త్రిప్పెను. రాత్రియంతయు చుక్కాని చేతపట్టుకొని పోయి, అతనిని కనుగొని, ఒక సరకుల ఓడకు అప్పగించి, మరల తన దారి పట్టెను. 2023 ఏప్రిల్ 27న ఆమెయే మొదటగా గమ్యము చేరెను.

మేలు చేసినవాడు తప్పక గెలుచునని దీని భావమా? కాదు. 2018లో మన భారత నావికుడు అభిలాష్ టామీ హిందూ మహాసముద్రములో తుఫానులో చిక్కి, స్తంభము విరిగి, వెన్నెముక దెబ్బతిని కదలలేక పడియుండెను. అదే తుఫానులో స్తంభములు విరిగిన ఐర్లండువాడు గ్రెగర్ మెగకిన్, విరిగిన ముక్కతో చిన్న తెరచాప నిలిపి, అతనివైపే బయలుదేరెను. అతడు చేరకమునుపే సెప్టెంబరు 24న ఫ్రెంచివారి ఓడ అభిలాష్‌ను రక్షించి, పిమ్మట మెగకిన్‌ను కూడ ఎక్కించుకొనెను. మెగకిన్‌కు పందెపు బహుమానము లేదు, రక్షించెనను పేరును లేదు. కాని విరిగిన పడవతోనైనను పొరుగువానివైపు తిరుగవచ్చునని అతడు చూపెను. నాకే గతి లేదు, ఇతరులకేమి చేయుదును అనువారు ఈ మనుష్యుని తలంచుకొనవలెను.

ఆ అభిలాష్ టామీ వెన్నునకు శస్త్రచికిత్స జరిగెను. అతడు మరల నడక నేర్చుకొని, 2022లో మరల పందెమునకు పోయి, 2023 ఏప్రిల్ 29న రెండవవాడుగా చేరెను. పడిన పిమ్మట లేచుట కలదు, సహోదరులారా.

కాబట్టి ఈ మాసము మీరు చేయవలసినది చెప్పుచున్నాను. ఇంట దీపము పెట్టిన తరువాత పది నిమిషములు కుటుంబమంతయు ప్రార్థనకు కూడుడి. మాటలు నిలిచిపోయిన అన్నదమ్ముని గడప, వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందే త్రొక్కుడి. బరువు మోయలేనివాడు ఒక్క నమ్మకస్థునితోనైనను నిజము చెప్పుకొనవలెను. వినినవాడు దానిని మందసములో పెట్టినట్లు దాచవలెను. గుడికి రావడము మానిన ఇల్లు మీ వాడలో నున్నయెడల, ఎందుకు రాలేదని అడుగక, ఎట్లున్నారని అడుగుడి.

పౌలు ఎక్కిన ఓడ మెలితే ద్వీపమువద్ద ముక్కలాయెను. అయినను ఈదగలవారు ఈది, ఈదలేనివారు పలకలు పట్టుకొని, 276 మందియు ఒడ్డు చేరిరి. ఓడ పోయెను గాని ఒక్క ప్రాణమైనను పోలేదు. మన పడవలు పాతవి, మన చేతులు బలహీనమైనవి. అయినను మనకంటె ముందుగా తుఫాను దాటి ఒడ్డున నిలిచియున్న ప్రభువువైపు చూచుచు, ఈ దినపు సందును ఈ దినమే మూసికొందము. ఆయన కృప మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.