ప్రజాధనంతో పండిన విద్య ఎవరి సొత్తు?

ప్రజాధనంతో సాగిన పరిశోధన ఫలితాన్ని చదవడానికి ఆ ప్రజలే మళ్లీ మూల్యం చెల్లించవలసి రావడం న్యాయమా? వర్ధమాన దేశాలలో ఇది కేవలం గ్రంథాలయాల ఆర్థిక సమస్య కాదు, నైతిక సమస్య కూడా. శాస్త్రజ్ఞుల జీతాలు, ప్రయోగశాలల ఖర్చులు అధికభాగం ప్రభుత్వ ఖజానా నుంచే వస్తాయి. వారు తమ వ్యాసాలను ప్రతిఫలం లేకుండా ప్రచురణ సంస్థలకు అప్పగిస్తారు. తరువాత విశ్వవిద్యాలయాలు చందా కట్టి వాటినే తిరిగి కొనుక్కుంటాయి.

ఈ వైపరీత్యానికి విరుగుడుగా వెలిసినవే బహిరంగ పరిశోధన భాండాగారాలు. 2002లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తన శాస్త్రజ్ఞుల వ్యాసాల కోసం ఎలక్ట్రానిక్ భాండాగారాన్ని నెలకొల్పింది. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని 2009లో యు.జి.సి. నిబంధన విధించగా, ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాటిని ‘శోధగంగ’ పేరిట అందరికీ అందుబాటులోకి తెచ్చింది. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా 2009లోనే ఇటువంటి విధానాన్ని చేపట్టింది. మెట్టపైర్లపై జరిగిన పరిశోధన మెట్టప్రాంతాల దేశాలకే అందకపోతే దాని ప్రయోజనమేమిటి?

బహిరంగపరిస్తే గ్రంథచౌర్యం పెరుగుతుందని కొందరి భయం. నిజానికి బీరువాలో తాళం వేసిన గ్రంథం నుంచి దొంగిలిస్తే పట్టుకోవడమే కష్టం. నలుగురూ చూసేదానిలో చౌర్యం దాగదు. సంపాదకత్వానికి ఖర్చవుతుందన్న వాదంలో సత్యముంది. అయితే అది సేవకు చెల్లించవలసిన మూల్యమే గాని, విద్యపై శాశ్వతాధికారం కాదు.

కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు తమ నిధులతో వెలువడిన వ్యాసాలను భాండాగారాలలో ఉంచాలని 2014లో విధానం ప్రకటించాయి. కాని నిబంధన మాత్రాన భాండాగారం నిండదు. పదోన్నతి వేళ వ్యాసం అచ్చయిన పత్రిక ప్రతిష్ఠను చూస్తారే గాని, అది ఎందరికి అందిందని అడిగేవారు అరుదు. ఒకదానిని ధర్మమని బోధించి మరొకదానిని సత్కరించే సంస్థలో నిర్లిప్తత సహజం.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్, వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 3 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తుంది. మారుమూల ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇది గొప్ప మేలు. అయినా చందా ఆగితే ప్రవాహమూ ఆగుతుంది. సంస్థల వెలుపల ఉన్న జిజ్ఞాసువుకు అది చేరదు.

మన పూర్వులు తటాకాన్నీ కృతినీ సప్తసంతానాలలో చేర్చారు. రెండూ కర్త తదనంతరం కూడా పరులకు ఉపకరించేవే. చెరువు తవ్వించి గట్టుపై కావలి పెట్టినవానికి ఆ పుణ్యం దక్కుతుందా అన్నది నేటి పరిశోధకులు, వారిని పోషించే ప్రభుత్వాలు ఆలోచించవలసిన విషయం.