పలుపుతాడు

పశువుల సంతకి గడియారపు గోపురం ఎందుకండీ? ఎద్దులేమైనా టైము చూసుకుంటాయా? లండన్‌లో ఇస్లింగ్టన్ ప్రాంతంలో ఉన్న ఆ రాతిగోపురం ఫోటో చూడగానే నాకొచ్చిన సందేహమిది. ఎంత దర్జాగా ఉందనుకున్నారు! ఏ జమీందారుగారి కోట ముందో నిలబడవలసింది.

తీరా చదివితే, అది 1855లో విక్టోరియా రాణీగారి భర్త ఆల్బర్ట్ స్వయంగా వచ్చి ప్రారంభోత్సవం చేసిన పశువుల మార్కెట్టు. గోపురం పాదాల చుట్టూ పన్నెండు పలకల కట్టడం, అందులో బ్యాంకులు, తంతి ఆఫీసులు. సంతకి నాలుగు మూలలా నాలుగు పెద్ద పానశాలలు. ఎద్దునమ్మి సొమ్ము చేసుకున్న మగవాడికి అటు బ్యాంకూ దగ్గరే, ఇటు సీసా దగ్గరే. ఎటు నడిచేవాడో ఇంటి దగ్గర ఎదురుచూసే ఇల్లాలికే తెలియాలి.

దాని నమూనా గీసినాయన జేమ్స్ బన్‌స్టన్ బన్నింగ్. అన్నట్టు, అక్కడికి దగ్గర్లోనే హాలోవే జైలు కట్టించిందీ ఆయనే, 1852లో. మొదట ఆడా మగా అందరికీ కట్టినదే గాని, 1903 నుంచి అది ఒక్క ఆడవాళ్ళ జైలయింది. ఓటు కావాలన్న పాపానికి ఎందరో స్త్రీలు ఆ గదుల్లో మగ్గారు. 2016లో మూసేశారు లెండి. పశువులకో చోటూ, మనకో చోటూ ఒకే పెన్సిలు గీసిందన్నమాట!

అంతకుముందు సంత ఊరి నడిబొడ్డున, స్మిత్‌ఫీల్డ్‌లో జరిగేది. ఏడాదికి 2,20,000 పశువులూ, 15 లక్షల గొర్రెలూ ఆ ఇరుకులోకి తోలుకొచ్చేవారట. ఆ బురద, ఆ అరుపులు, దుడ్డుకర్రల దెబ్బలు భరించలేక జనం మొత్తుకుంటే, 1852లో చట్టం చేసి సంతని ఊరవతలికి పంపారు. పశువుల్ని హింసించకూడదని 1822లోనే ఆ దేశంలో చట్టం వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచి పనే.

కానీ నన్ను పట్టుకుని వదలనిది ఇంకోటి. ఆ పాత సంతల్లో అమ్మింది పశువుల్నే కాదు, పెళ్ళాలని కూడా! మెడకో, నడుముకో పలుపుతాడు కట్టి, నలుగురిలోకి నడిపించుకొచ్చి, పాట పెట్టేవారు. స్మిత్‌ఫీల్డ్ ధరల పట్టికలో ఈ వారం భార్యల సగటు ధర వెయ్యడం మరిచారే అని 1797లో ‘టైమ్స్’ పత్రిక హాస్యమాడింది. అర గినీ నుంచి మూడున్నర గినీలకి పెరిగింది కనక నాగరికత పెరిగినట్టేనట! 1832లో కార్లైల్ అనే ఊళ్ళో ఒక రైతు 20 షిల్లింగులకీ, ఒక కుక్కకీ భార్యనిచ్చేశాడని ఆనాటి వార్త.

కాలేజీలో చరిత్ర చెప్పే నా స్నేహితురాలికి ఈ సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకోబోతే, అది నవ్వింది. “ఆగవే తల్లీ, థాంప్సన్ రాసింది చదువు ముందు” అంది.

చదివాను. ఇ.పి. థాంప్సన్ అనే చరిత్రకారుడు 1991లో వచ్చిన తన పుస్తకంలో చెప్పిందేమిటంటే, వీటిలో చాలావాటికి ఆ స్త్రీ సమ్మతి ఉండేదట. కొనేవాడు చాలాసార్లు ఆమె మనసిచ్చినవాడే. బేరమంతా ముందే కుదిరేది. విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. అది ధనవంతుల మాట. బీదవాళ్ళకి దొరికిన దారి ఇది: పదిమంది ఎదుట తాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిస్తే, ఊరు ఒప్పుకునేది. కొన్నిచోట్ల సంత సుంకం కట్టేవారు, కాగితం కూడా రాయించుకునేవారు.

“చూశావా, ఒప్పుకుంది. ఇంకేమిటి నీ బాధ?” అంది స్నేహితురాలు.

నా బాధల్లా ఆ ఒప్పుకోవడంతోనే. “అమ్మాయి ఒప్పుకుందండీ” అనే మాట మనిళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదు మనం? వెనక తలుపులన్నీ మూసేసి, ఒక్క కిటికీ తెరిచి, అందులోంచి దూకినదాన్ని చూసి తనిష్టమేగా అంటే ఎలా? ఆమె దూకడం ఆమె ధైర్యం. దాన్ని తీసుకెళ్ళి కిటికీ పెట్టినవాడి ఖాతాలో జమ కట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాదు.

అలాగని ఆమెని చూసి ‘అయ్యో పాపం’ అనడానికీ నోరు రావడం లేదు. మనసుకి నచ్చినవాడు తాడు అందుకునే క్షణాన ఆమె తలొంచుకుందో, లోపల నవ్వుకుందో!

స్మిత్‌ఫీల్డ్‌లో పశువుల సంత మూసేసిన రెండేళ్ళకి, 1857లో, విడాకుల కోర్టు వచ్చింది. భర్తకయితే భార్య తప్పు ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం భర్త తప్పుతోపాటు అతని క్రూరత్వమో, తనని వదిలిపోవడమో కూడా రుజువు చెయ్యాలి. ఈ తేడా తీసెయ్యడానికి 1923 దాకా పట్టింది.

“చూడు, తాడు లేదుగా ఇప్పుడు” అంది నా స్నేహితురాలు.

“కొలతలు మాత్రం రెండున్నాయి” అన్నాను. కాఫీ చల్లారిపోతోందని కసిరింది.