పోనని చెప్పి పోయిన కుమారుడు

మత్తయి సువార్త 21వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల సంగతి మనకందరికి తెలిసినదే. తండ్రి ద్రాక్షతోటలో పనికి పంపగా ఒకడు మొదట పోనని చెప్పి, తరువాత మనస్సు మారి పోయెను. మరియొకడు మర్యాదగా ఒప్పుకొని ఇంటనే యుండెను. మాట తప్పరాదని పిల్లలకు నేర్పు మనము ఈ ఉపమానమునొద్ద కొంచెము ఆగవలెను. మొదట పలికిన మాటను విడిచిన వానినే ప్రభువు మెచ్చుకొనెను.

అమెరికాలో స్త్రీలకు ఓటు హక్కునిచ్చు రాజ్యాంగ సవరణను 1919లో వారి కాంగ్రెసు అంగీకరించెను. అయినను 48 రాష్ట్రములలో 36 దానిని ఆమోదింపవలసి యుండెను. 1920 ఆగష్టు నాటికి 35 రాష్ట్రములు ఆమోదించెను. అప్పుడు టెనెస్సీ శాసనసభ కూడెను. సవరణను కోరువారు పసుపు గులాబీని, వద్దనువారు ఎర్ర గులాబీని కోటునకు పెట్టుకొనుచుండిరి. సభలో అందరికంటె చిన్నవాడైన హ్యారీ బర్న్, 24 ఏండ్లవాడు, ఎర్ర గులాబీతో వచ్చెను. ఆగష్టు 18న ఆ సంగతిని ప్రక్కన పెట్టవలెనని రెండుమార్లు ఓటు తీసికొనగా, రెండుమార్లును 48, 48 సమానముగా వచ్చెను. రెండుమార్లును అతడు వద్దనువారితోనే యుండెను.

అయితే అతనియొద్ద తల్లి ఉత్తరముండెను. ఆమె విధవరాలు, పల్లెలో వ్యవసాయము చూచుకొను స్త్రీ. ఏడు పుటల ఆ ఉత్తరములో, నీవు ఏ పక్షమున నిలుతువో అని పత్రికలలో చూచుచున్నాను, ఏమియు కనబడలేదు అని తెలిపి, స్త్రీల పక్షమున ఓటు వేయుమని కోరెను. దేశవార్తలు చదువుకొను ఆ తల్లికి ఓటు లేదు. ఆమె పొలములో పనిచేయు మగవారికి కలదు. సవరణ మీదనే ఓటు తీసికొనుచు పేరు పిలిచినప్పుడు హ్యారీ సమ్మతమనెను. టెనెస్సీ 36వ రాష్ట్రమాయెను.

లంచము తిన్నాడని అతనిమీద నింద మోపిరి. మరునాడు అతడు సభ యెదుట తన కారణములను వ్రాయించెను. ఇది న్యాయమని నమ్మితిననియు, తల్లి ఆలోచన కుమారునికి క్షేమమనియు చెప్పెను. తన కక్షికి పేరు రావలెనని కూడ కోరితినని దాచక చెప్పెను. ఆ చివరి మాట నాకు నచ్చినది. మన మంచి పనులలో సహితము ఇట్టి కలగలుపు ఎంత యున్నదో మనకు తెలియదా?

సంఘ కమిటీ ఎన్నికకు ముందు రాత్రి బావకో అన్నకో మాట ఇచ్చియుందుము. తెల్లవారి ప్రార్థనలో అది తప్పని తోచును. అప్పుడేమి చేయవలెను? నా మట్టుకు చూచునది ఒకటే: మనస్సు మార్చుకొనుటవలన నష్టము ఎవరికి? మారినందున నాకు లాభము కలిగినయెడల నన్ను నేనే అనుమానింపవలెను. నింద కలిగినయెడల అది మనస్సాక్షి మాటయై యుండవచ్చును. అయితే హ్యారీవలె కారణమును బహిరంగముగా చెప్పవలెను. ఓటుపెట్టె చాటున మారి, బావతో నీకే వేసితినని చెప్పువాడు రెండవ కుమారుడే.

ఆ దేశము కూడ రెండవ కుమారుని వంటిదే. వర్ణమునుబట్టి ఓటు నిరాకరింపరాదని 1870లో మాట ఇచ్చెను, స్త్రీయని నిరాకరింపరాదని 1920లో మాట ఇచ్చెను. అయినను దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి స్త్రీలు పరీక్షలచేతను పన్నులచేతను భయముచేతను త్రోసివేయబడిరి. మన తెలుగు జిల్లాలు అనేకము చేరియున్న మద్రాసు రాజధానిలో 1921లో స్త్రీలకు వచ్చిన ఓటును ఆస్తిగలవారికే గాని కూలిచేయు అక్కకు అందలేదు.

మిసిసిపీలో ఫ్యానీ లూ హేమర్ అను స్త్రీ యుండెను. ప్రత్తి తోటలో పనిచేయుచు, సంఘములో కీర్తనలు పాడు స్త్రీ. తనవంటివారికి ఓటు హక్కు కలదని 44వ ఏట, 1962లో గాని ఆమె వినలేదు. ఆ ఆగష్టు 31న పేరు నమోదు చేయించుకొనబోగా, రాజ్యాంగములోని ఒక భాగమునకు అర్థము చెప్పుమని పరీక్షించి పంపివేసిరి. ఇంటికి రాగానే తోట యజమానుడు, దరఖాస్తును వెనుకకు తీసికొనుము, లేనియెడల ఇల్లు విడువుమనెను. ఆమె ఆ రాత్రియే పదునెనిమిదేండ్లు పనిచేసిన తోటను విడిచిపోయెను. 1963 జనవరిలో పేరు నమోదైనను, ఓటు వేయబోగా పన్ను రశీదులు అడిగిరి. అట్టి పరీక్షలను తొలగించు చట్టము 1965 ఆగష్టు 6న వచ్చెను. హ్యారీ సమ్మతమన్న దినమునుండి అప్పటికి దాదాపు 45 ఏండ్లు గడచెను.