రెండు తూటాల నడుమ

వల్లిని వరించుటకు వేటగాడై వచ్చిన స్వామి, కోపము తణిసి నిలిచిన కొండ మన తిరుత్తణి. ఒక కచ్చేరిలో తుపాకి లైసెన్సుల దస్త్రములు వ్రాసి విశ్రాంతి గొన్న గుమాస్తాలము మేము. అందుచేతనే కాబోలు, అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు బాతుల వేటకు పంపు తుపాకి మేలా, సెమీ ఆటోమేటిక్ మేలా యని మమ్మడిగినాడు.

మన దేశమున 1972 నాటి చట్టమును, 1991 నాటి సవరణయు వేటను దాదాపు మాన్పించినవి. అచ్చట అనుమతి కలదు. అయినను వలస బాతుల వేటలో తుపాకికి మూడు తూటాలు మించరాదని 1935 నుండి నియమము.

పంపు తుపాకిలో ప్రతి తూటాకును ముందరి పిడిని చేతితో వెనుకకు లాగి త్రోయవలెను. రెండవదానిలో ప్రేలుడు బలమే ఆ పని చేయును. వ్రేలు నొక్కిన చాలును. ఆ లాగుటలోని క్షణము మనస్సునకు దక్కిన క్షణమని మా తలంపు.

గాయపడిన పక్షిని వెంటనే ముగించుటయే దయ గాదా యని అతడు తిరిగి వ్రాసెను. నిజమే, రెండు దినములు మాకు బదులు తోచలేదు. కాని పక్షి గాయముతో మిగులుట, పెక్కుసారులు, మొదటి తూటా తొందర వలననే గదా!

ఒకనాడు మేము కోపముతో వ్రాసిన రిమార్కు వలన, వేరుసెనగ చేను కాచుకొను రైతునకు లైసెన్సు ఏడాది ఆగినది. కలమునకు ఆ పిడి లేకపోయెను. కావున పంపు తుపాకియే కొనుమనియు, గురి కుదరనిచో మొదటి తూటాయే విడువవలదనియు వ్రాసితిమి.