సంచిలో రెండు తూనికరాళ్లు

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 25:13–16, అపొ. కార్యములు 18:1–5



మొన్న బీదరు జిల్లా ధన్నూరలో ఒక గృహప్రార్థనకు వెళ్లితిమి. ఆ ఇంటి కుమారుడు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీ తరఫున చాలా ఏండ్లు కంప్యూటర్లు, సాఫ్ట్‌వేరు అమ్మినవాడు. ఇప్పుడు ఆ ఉద్యోగము విడిచి, చిన్న ఆసుపత్రులకు, పాఠశాలలకు ఏది కొనవలెనో, ఏది కొననక్కరలేదో సలహా చెప్పి ఫీజు తీసికొనుచున్నాడు. ప్రార్థన కాగానే తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా పిలగానికి మంచి నౌకరి దొరకాలని గూడ ప్రార్థన చేయుండ్రి" అని అడిగెను. కుమారుడు తల వంచుకొనెను. మేమును వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి.

మన సంఘములలో మనమును ఆ తల్లివలెనే మాటలాడుచున్నాము. సొంత ఊళ్లు విడిచి వచ్చిన మనకు కంపెనీ గుర్తింపు కార్డు ఒక కోటవలె కనబడును. పెండ్లి సంబంధములలో మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అనియే గదా! అయితే పౌలు ఏ కంపెనీవాడు? కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టెను. మాసిదోనియనుండి సీల తిమోతిలు వచ్చిన తరువాత వాక్యబోధకే పూనుకొనెను. కలిమిలోను లేమిలోను బ్రదుకుట తాను నేర్చుకొన్న సంగతిగా ఫిలిప్పీయులకు వ్రాసెను. అది ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు.

ఆ సహోదరునికి అసలు శోధన ఆదాయము తగ్గుట కాదు. అమ్మకములలో ఉన్నప్పుడు ఆయన ఎవరి మనిషియో కొనువారికి తెలియును. ఇప్పుడు ఆసుపత్రివారే ఫీజిచ్చి ఆయనను తమ పక్షమున కూర్చుండబెట్టుకొనుచున్నారు. ఇంతలో అమ్మేవాడు ఫోను చేసి, "మా సరుకు పేరు చెప్పండి, మీ వాటా మీకు ముట్టుతుంది" అనును. లోకములో దానికి కమీషను అని పేరు. ధర్మశాస్త్రము నిషేధించిన పెద్దరాయి, చిన్నరాయి ఇట్టివే. రెండవ రాయి సంచిలో ఉన్నదని కొనువానికి తెలియదు. ఇంటి అప్పు వాయిదాకు డబ్బు లేని నెలలో ఆయనకు ఆ ఫోను వచ్చెనట. వద్దని చెప్పి రాత్రంతయు నిద్రపోలేదట. "మంచి పని చేసితినని సంతోషమేమీ కలుగలేదండి, భయమే కలిగింది" అనెను. సాక్ష్యములలో ఇట్టి మాట మనము తరచుగా వినము.

మన క్లౌ దొరగారిని జ్ఞాపకము చేసికొనుడి. మిషనెరీ కాకమునుపు ఆయన అమెరికాలో సర్వేయరు. 1876–78 నాటి కరువులో బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. పాత విద్య క్రొత్త పనికి వచ్చెను. అయితే కరువు పని సాగినంతకాలము బాప్తిస్మములు ఆపియుంచెను, కూలికొరకు ఎవరును నీళ్లలోనికి దిగకూడదని. 1878 జూలై 3న 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొందుము గాని, దానికి ముందున్న ఈ నిరీక్షణను అంతగా చెప్పుకొనము.

ఇట్టివారి విషయమై సంఘమునకును పని ఉన్నది. మనలో వ్యాపారము నడుపువారు, కమిటీలలో ఉన్నవారు వారి బిల్లులను నెలలకొలది బల్లమీద ఉంచకూడదు. ఉద్యం నమోదు ఉన్న చిన్న సంస్థకు ఎక్కువలో ఎక్కువ 45 దినములలో చెల్లింపవలెనని 2006 నాటి చట్టమే చెప్పుచున్నది. మోషే అయితే కూలివానికి ప్రొద్దు గ్రుంకకముందే అనెను (ద్వితీ. 24:15). దశమభాగపు కవరు ఒక నెల రాకపోతే కోశాధికారిగారు ఆరాధన తరువాత అందరి యెదుట అడుగకుందురు గాక!

ధన్నూరలో మేము మరల మోకరించితిమి. ఒక ఆసుపత్రినుండి రావలసిన బాకీ ఈ నెలలో వచ్చునట్లును, ఆ ఫోను మరల మ్రోగునప్పుడు ఆయన నోట ఆ మాటయే వచ్చునట్లును ప్రార్థించితిమి. తల్లి గట్టిగా ఆమేన్ అనెను. గడప దాటుచుండగా మాత్రము వెనుకనుండి, "నౌకరి ముచ్చట గూడ మరువకుండ్రి అయ్యగారూ" అనెను.